రేడియేటర్‌లో ఒక చెంబు తక్కువ

ముందే చెప్పేస్తున్నాను. దయ్యాలు లేవు. ఇది చదవడం అయిపోయాక కూడా నేను ఆ మాట మీదే ఉంటాను. మీరు ఏమైనా అనుకోండి.

చిన్నప్పటి నుంచీ నేనింతే. మా ఊళ్లో ఎవరికైనా గాలి సోకిందంటే అందరూ తలుపులు వేసుకునేవాళ్లు, నేను చూడ్డానికి పరిగెత్తేదాన్ని. మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కింద పడుకుంటే ఏదో పట్టుకుంటుందని మా నాయనమ్మ అంటే, పంతం పట్టి వారం రోజులు అక్కడే పడుకున్నాను. చీమలు కుట్టాయి, అంతకుమించి ఏమీ జరగలేదు. పెళ్లయ్యాక మా ఆయన కూడా "నిన్ను జూస్తే దయ్యాలే దారి తప్పుకుంటయే" అని ఆటపట్టించేవాడు.

మరి ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మా జీపు గురించీ, చనిపోయిన మా ఆయన గురించీ మా అమరచింతలో ఒక రకంగా, ఆత్మకూరులో ఇంకో రకంగా చెప్పుకుంటున్నారు. ఆ కథ తిమ్మాజిపేటలో ఉండే మా ఆడబిడ్డ దాకా పోయేసరికి, మా ఆయన స్టీరింగు ముందు కూర్చుని కనిపించాడట! అబద్ధం. ఎవరూ ఎవరికీ కనిపించలేదు. జరిగింది జరిగినట్టు చెప్పగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి చెబుతున్నాను.

మా ఆయన పేరు వెంకటేశు. మగ్గం నేసే ఇంట్లో పుట్టాడు గానీ మగ్గం ముందు కుదురుగా కూర్చునే మనిషి కాదు. ఒక పాత డీజిల్ జీపు కొన్నాడు. మా పెళ్లినాటికే అది పాతది. పత్తి విత్తనాల సీజన్‌లో కూలి ఆడవాళ్లను పొద్దున్నే ఎక్కించుకుని, జూరాల కట్ట మీదుగా గద్వాల వైపు చేలకు తీసుకుపోయి, సాయంత్రం మళ్లీ ఇళ్లకు చేర్చడం ఆయన పని.

విత్తనపత్తి పని తెలియనివాళ్లకు ఒక్క మాట చెప్పాలి. ఆడ సాళ్లలోని మొగ్గలను సాయంత్రం గోటితో ఒలిచి, లోపలి పుప్పొడి కేసరాలు తీసేస్తారు. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. దీన్నే క్రాసింగ్ అంటారు. ఎండ ముదిరేలోపు అయిపోవాలి. ఒక్క పూట బండి చేరలేదంటే ముందురోజు సాయంత్రం ఒలిచిన మొగ్గలన్నీ దండగ. అలాంటప్పుడు రైతు ఊరుకుంటాడా? మర్నాడే ఇంకో బండి మాట్లాడుకుంటాడు.

పోయిన చలికాలంలో మా ఆయన గుండెనొప్పితో పోయాడు. జీపు నడపడం ఆయనే నాకు నేర్పాడు, లైసెన్సు కూడా తీయించాడు. కాబట్టి ఈ సీజన్‌కు నేనే స్టీరింగు పట్టాను. జీపు అమ్మేయమని మా ఆడబిడ్డ ఫోన్ల మీద ఫోన్లు. అమ్మను అన్నాను. ఆయన చేతులు ఇరవై ఏళ్లు తిరిగిన బండి అది. పాత ఇనుముకు తూకం వేసి ఇచ్చేంత గుండె నాకు లేదు.

మొదటి నెల బాగానే గడిచింది. తర్వాత నీళ్ల బాధ మొదలైంది.

ఖాజా భాయ్ మా ఆయన స్నేహితుడు. అమరచింత బస్టాండు దగ్గర మెకానిక్ షెడ్డు ఆయనది. రేడియేటర్‌లో ఆకుపచ్చ కూలెంట్ పోయమని ఎప్పటినుంచో పోరుతున్నాడు గానీ, మా జీపుకు మొదటి నుంచీ మంచినీళ్లే అలవాటు. రోజూ పొద్దున బండి తీసేముందు మూత విప్పి చూడాలి. అది మా ఆయన పెట్టిన నియమం. అలా చూస్తే, ఒకరోజు చెంబెడు నీళ్లు తక్కువున్నాయి. పోశాను. మర్నాడు మళ్లీ చెంబెడు తక్కువ. ఆ మర్నాడూ అంతే. ఎక్కువా కాదు, తక్కువా కాదు. మా ఇంట్లో స్టీలు చెంబుతో సరిగ్గా ఒక చెంబు.

లీకయితే కింద తడి కనబడాలి కదా! ఇంజిన్ కింద అట్టముక్క పరిచి పెట్టాను. పొద్దున్నే తీసి చూస్తే పొడిగా ఉంది. ఒక్క చుక్క మరక లేదు. గొట్టాలన్నీ తడిమి చూశాను, క్లిప్పులు బిగించాను. సైలెన్సర్ నుంచి తెల్లపొగ కూడా రావడం లేదు. ఇంజిన్ ఆయిల్ కడ్డీ తీసి చూశాను, నీళ్లు కలిసిన జాడ లేదు. మరి నీళ్లు ఎక్కడికి పోతున్నట్టు?

ఈ సంగతి బాలకిష్టమ్మ కంట పడింది. బాలకిష్టమ్మ కూలి ఆడవాళ్లకు పెద్ద. పన్నెండు మందిని కూడగట్టేది, ఎవరి బండి ఎక్కాలో చెప్పేది ఆమే. మంచిదే, కానీ ఆమెకు లోకమంతా గాలీ ధూళే కనిపిస్తుంది. మూడు రోజులు నా చెంబును చూసి, నాలుగో రోజు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అంది.

"సుజాతక్కా, కోపం జెయ్యకు. గా నీళ్లు ఆయన తాగుతుండు."

"ఎవరు తాగుతుండు?"

"ఇంకెవరు? దవాఖానల పాయె గదా. నోట్ల నీళ్లు పోసెటోళ్లు లేకుంట పోయినోళ్లకు దూప తీరదక్కా."

నా ఒళ్లు భగ్గున మండింది. ఎన్ని మాటలన్నానో నాకే గుర్తులేదు. దారిన పోయేవాడు దాహమంటే బండి ఆపి సీసా ఇచ్చిన మనిషి, చచ్చిపోయి రేడియేటర్ నీళ్లు తాగుతాడా? ఆడవాళ్లందరి ముందూ గట్టిగా అరిచాను. బాలకిష్టమ్మ తల వంచుకుని పోయింది గానీ, మాట వెనక్కి తీసుకోలేదు.

నేను అంత అరవడానికి ఒక కారణం ఉంది. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

దవాఖానలో ఆయనకు నీళ్లు ఇవ్వొద్దని చెప్పారు. ఇస్తే ప్రమాదమన్నారు. వాళ్లను నేను తప్పు పట్టను, వాళ్లు చెప్పింది నిజమే అయ్యుంటుంది. ఆయన మాత్రం నా కొంగు పట్టుకుని "సుజాతా, ఒక్క గుక్క పొయ్యే" అన్నాడు. రెండుసార్లు అడిగాడు. సీసా నా పక్కనే బల్ల మీద ఉంది. "ఇంటికి పోయినంక కడుపునిండ తాగుదువు గానీ, జర ఓర్చుకో" అన్నాను. ఆ మాట అన్న గంటకు పోయాడు.

అప్పటినుంచి నాకు నీళ్లు సరిగా దిగవు. చెంబు ఎత్తగానే గొంతు పట్టేస్తుంది. చాయ్ తాగుతాను, మజ్జిగ తాగుతాను. మంచినీళ్లు మాత్రం మందుబిళ్ల మింగేటప్పుడు తాగినట్టు కళ్లు మూసుకుని ఇంత మింగుతాను. ఎందుకు అలా అవుతోందో నాకు తెలుసు. అది గాలీ కాదు, ధూళీ కాదు. ఆ మనిషికి ఒక్క గుక్క పోయలేదన్న బాధ, అంతే. కాబట్టి "దూప తీరదక్కా" అని బాలకిష్టమ్మ అన్నప్పుడు అంతలా అరిచాను.

మర్నాడు పొద్దున పన్నెండు మందిలో ముగ్గురే ఎక్కారు. మిగతావాళ్లు ఆటోల్లో పోయారు. ఆ పైరోజు ఆ ముగ్గురూ రాలేదు. రైతు ఫోన్ చేసి "అమ్మా, వారం చూస్త. మీ దిక్కు ఆడోళ్లు ఎక్కకుంటే నేనేం జెయ్యాలె?" అన్నాడు. మా ఆడబిడ్డ అయితే శాంతి చేయించి బండి వదిలించుకోమంది. అంటే ఒక చెంబెడు నీళ్ల కోసం జీపూ పోతుంది, ఊరందరి నోళ్లలో మా ఆయన దయ్యమూ అవుతాడు. ఇంకేం కావాలి?

నేను బాలకిష్టమ్మ ఇంటికి పోయి, వాకిట్లో నిలబడి చెప్పాను. "ఇది లీకు. లీకు యాడుందో నీకు నేను చూపిస్త. చూపించలేకపోతే జీపు నేనే అమ్మేస్త. చూపిస్తే మాత్రం అందరూ నోరు మూసుకొని ఎక్కాలె." సరే అంది.

ఆ సాయంత్రం ఖాజా భాయ్‌ని ఇంటికి పిలిపించాను. జీపు మా వాకిట్లోనే ఉంది. ఆయన ముందు కళ్లద్దాలు పెట్టుకుని ఇంజినంతా చూశాడు. రేడియేటర్ పైభాగంలో లావు గొట్టం వచ్చి చేరే చోట ఇత్తడి మెడ ఒకటుంటుంది. దాని కింద సున్నం గీత లాంటి తెల్లటి చార ఒకటి కనిపించింది. మా వైపు బోరు నీళ్లు కాచిన గిన్నెలకు తెల్లగా పేరుకుంటుందే, అదే. నేను నాలుగుసార్లు చూసి కూడా దాన్ని దుమ్మనుకున్నాను.

"గిదే చెల్లె దొంగ" అన్నాడు ఖాజా భాయ్.

నేను పోయి ఆడవాళ్లందరినీ పిలుచుకొచ్చాను. వాళ్ల ముందే ఖాజా భాయ్ రేడియేటర్ మూతకు బదులు పాత ట్యూబు ముక్క కట్టి, సైకిల్ పంపుతో గాలి కొట్టాడు. నేను సబ్బు నురుగు చేసి ఆ మెడ చుట్టూ పూశాను. ముందు ఏమీ లేదు. ఇంకో నాలుగు దెబ్బలు కొట్టాడు. నురుగులోంచి ఆవగింజంత బుడగ ఒకటి లేచి పగిలింది. ఇంకోటి లేచింది. వెంట్రుకవాసి పగులు. ఇంజిన్ వేడెక్కితే ఇత్తడి సాగి అది తెరుచుకుంటుంది, నీళ్లు ఆవిరై ఇంజిన్ మీదే ఆరిపోతాయి. చల్లబడితే మూసుకుంటుంది. అందుకే కింద అట్ట తడవలేదు.

"చూసినవా బాలకిష్టమ్మా? బుడగలిడుస్తున్నది మా ఆయనేనా?" అన్నాను. ఆడవాళ్లు నవ్వారు. బాలకిష్టమ్మ కూడా నవ్వింది. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. మా ఆయన పేరును బురదలోంచి తీసి కడిగి ఆరేసినట్టు అనిపించింది.

ఇక్కడి నుంచి ప్రతి చిన్న విషయమూ చెబుతాను, ఎందుకంటే తర్వాత అన్నీ పనికొస్తాయి.

టంకం పెట్టాలంటే రేడియేటర్ లోపల తడి ఉండకూడదు. ఖాజా భాయ్ కింది వైపున్న బిరడా విప్పి నీళ్లన్నీ వదిలేశాడు. బిరడా అంటే చిటికెనవేలంత ఇత్తడి బోల్టు. నీళ్లు ఎప్పటిలాగే తుప్పుపట్టి ఎర్రగా వచ్చాయి. చుక్క ఆగిపోయేదాకా ఉంచి, మంట పెట్టి టంకం పోశాడు. ఇత్తడి పలుచబడిందని టంకం మీద సీలు మందు కూడా పూశాడు. పొద్దున దాకా ఆరాలి, లోపల గాలి ఆడాలి అని కింది బిరడా బిగించకుండా వదిలేశాడు. అది పారేసుకుంటానేమోనని, కాగితంలో చుట్టి డ్యాష్‌బోర్డు డబ్బాలో పెట్టాడట. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు, నేను లోపల చాయ్ పెడుతున్నాను. పోయేటప్పుడు మాత్రం "పొద్దుగాల ఆరు గంటలకు నేనే వస్త, నేనే బిగించి నీళ్లు పోస్త, నువ్వేం ముట్టకు" అన్నాడు. సరేనన్నాను.

పొద్దున ఆరుకు ముందే ఆడవాళ్లు వచ్చేశారు. బాలకిష్టమ్మ చంకలో నిండు బిందె, చేతిలో కుంకుమ భరిణె. మరమ్మతు అయిన బండికి మొదటి నీళ్లు ముత్తైదువ పోయాలి, అది మా వైపు పద్ధతి. అంతవరకూ పర్వాలేదు. కానీ ఆమె నా దగ్గరికొచ్చి, "సుజాతక్కా, నువ్వు జర లోపలికి పో. నీళ్లయినంక వద్దువు" అంది.

నా బండి. నా వాకిలి. మొగుడు పోయినదాన్ని కాబట్టి నా బండికి నేను ఎదురు రాకూడదు! తల కొట్టేసినట్టయింది. లోపలికి పోయి, తలుపు ధడాలున వేసుకున్నాను. పావుగంట దాకా కావాలనే బయటికి రాలేదు. వాళ్లు పిలిచినా పలకలేదు.

బయటికొచ్చి చూస్తే నేలంతా తడి. బిందె ఖాళీ. బానెట్ మీద కుంకుమబొట్లు, మూల నిమ్మకాయ. ఆడవాళ్లందరూ ఎక్కి కూర్చున్నారు. ఖాజా భాయ్ వచ్చి బిగించి, వీళ్ల చేత నీళ్లు పోయించి వెళ్లిపోయాడనుకున్నాను. ఒక్క మాట అడిగితే పోయేది. అడగలేదు. అడిగితే వాళ్లతో మాట్లాడినట్టవుతుంది కదా, ఆ పొగరు. రోజూ చూసే రేడియేటర్ మూత ఆ రోజు చూడలేదు. ఇంకా పైగా, రోజూ వెనక పెట్టుకునే నీళ్ల డబ్బాను అందరూ చూసేలా అరుగు మీద పెట్టేసి, "లీకు లేని బండికి డబ్బా ఎందుకు?" అని గాలిలోకి అని, స్టార్ట్ చేశాను.

అమరచింత నుంచి ఆ చేను దాదాపు పాతిక కిలోమీటర్లు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. బానెట్ ఎవరూ ఎత్తలేదు. జూరాల కట్ట మీద గేదెల మంద అడ్డమొస్తే ఒక్క నిమిషం నెమ్మది చేశాను, అంతే. వేడి చూపించే ముల్లు కిందే ఉంది. దాన్ని నేను సాక్ష్యంగా చెప్పను. రేడియేటర్ ఎండిపోయినా ముల్లు ఒక్కోసారి లేవదని ఖాజా భాయ్ ముందే చెప్పి ఉన్నాడు. కానీ ఇంజిన్ శబ్దం నాకు తెలుసు. మాడు వాసన నాకు తెలుసు. ఎత్తు ఎక్కేటప్పుడు బండి గుంజకపోతే నా కాలికి తెలుస్తుంది. ఆ పొద్దు జీపు కొత్త బండిలా పోయింది. టంకం పనిచేసిందని లోపల్లోపల మురిసిపోయాను.

ఏడు దాటాక చేనికి చేరాం. ఆడవాళ్లు దిగి సాళ్లలోకి పోయారు. టంకం తడిసిందేమో చూద్దామని బానెట్ ఎత్తాను. రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూశాను.

చల్లగా ఉంది.

గోరువెచ్చగా కాదు, చల్లగా. ఇంజిన్ కూడా తాకితే ఓర్చుకునేంత వేడే. పాతిక కిలోమీటర్లు నడిచిన డీజిల్ ఇంజిన్ మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కాలి. మామూలుగా గోనెగుడ్డ కప్పి, ముఖం పక్కకు తిప్పుకుని తీసే మూతను, ఆ రోజు ఒట్టి చేత్తో తీశాను. బుస్సుమనలేదు. నీళ్లు మెడ అంచు దాకా ఉన్నాయి. ఎర్రగా లేవు. లోపలి గొట్టాల నోళ్లు కనిపించేంత తేటగా ఉన్నాయి. ఖాజా భాయ్ బాగా కడిగాడు అనుకున్నాను. చల్లదనానికి మాత్రం కారణం తోచలేదు.

అప్పుడు ఫోన్ తీసి చూశాను. ఖాజా భాయ్ పేరు మీద పదకొండు మిస్డ్ కాల్స్. బండి నడిపేటప్పుడు ఫోన్ సంచిలో పడేస్తాను, వినపడదు. తిరిగి చేశాను.

"చెల్లె, యాడ ఆగింది బండి?" అన్నాడు, ఆయాసపడుతూ.

"ఆగుడేంది భాయ్? చేనుకాడున్న."

ఆయన మెల్లగా అన్నాడు. "ఇంజిన్ బంద్ జెయ్. మల్ల స్టార్ట్ జెయ్యకు. నా మోపెడ్ పంచరైంది, నేనొచ్చేసరికి నువ్వు పోయినవ్. రేడియేటర్ల చుక్క నీళ్లు లెవ్వు చెల్లె. బిరడా గూడ లేదు. నీ ముందటి డబ్బాల ఉంది, చూడు."

"నీళ్లు నిండుగున్నయ్ భాయ్."

"మజాక్ జెయ్యకు."

డ్యాష్‌బోర్డు డబ్బా తెరిచాను. కాగితం పొట్లం. విప్పితే ఇత్తడి బిరడా, పొడిగా, మరల్లో నిన్నటి తుప్పు.

అయినా నేను మొండిదాన్ని, నా కళ్లతో చూస్తే గానీ ఒప్పుకోను. నేల మీద వెల్లకిలా పడుకుని జీపు కిందికి జరిగి చూశాను. రేడియేటర్ అడుగున బిరడా ఉండాల్సిన చోట రంధ్రం. ఖాళీ. దాని అంచు పొడిగా ఉంది. దాని కింద నేల మీది దుమ్ము కూడా తడవలేదు. పైనేమో మూత తీసి ఉంది, నీళ్లు అంచు దాకా ఉన్నాయి. కిందేమో తూటు. నీళ్లు పడటం లేదు.

లేచి బాలకిష్టమ్మను కేకేశాను. వేళ్లకు పసుపుపచ్చ పుప్పొడితో ఆమె సాళ్లలోంచి వచ్చింది. "పొద్దున నీళ్లు యాడ పోసినవ్?" అన్నాను.

"యాడ పోస్తరక్కా? ముందటి చక్రాలకు పోసిన, బానెట్ మీద ఇంత జల్లిన. మిగిలినయి ఎదురుంగ పారబోసిన."

"దీంట్ల పొయ్యలేదా?"

"గా మూత యాడుంటదో మాకేమెరుక? ఖాజా భాయ్ వస్తడేమో అనుకున్నం. నువ్వు బండి తీస్తివి. ముఖం జూస్తే అడగ బుద్ధి గాలే."

మిగతావాళ్లను ఒక్కొక్కరినే పక్కకు పిలిచి అడిగాను. అందరిదీ ఒకే మాట. బానెట్ ఎవరూ ఎత్తలేదు. వాళ్ల తాగునీళ్ల సీసాలు మూతలు తీయకుండా అలాగే ఉన్నాయి. అన్నీ కలిపినా ఆ రేడియేటర్ సగం కూడా నిండదు.

సరే, ముందు బిరడా బిగిద్దామని మళ్లీ కిందికి జరిగాను. నిజం చెప్పాలంటే, అది అలా తెరిచి ఉండటం నేను చూడలేకపోయాను. ఎడమ చెయ్యి రంధ్రం కింద పెట్టి, కుడిచేత్తో బిరడా పట్టుకున్నాను. ఎడమచేతిలో ఒక చుక్క పడింది. ఇంకో చుక్క. తర్వాత సన్నటి ధార. బిరడా వదిలేసి రెండో చెయ్యి కూడా పట్టాను, దోసిలి నిండింది. కొత్తకుండ నీళ్లలా చల్లగా ఉన్నాయి.

నేను ఏమీ ఆలోచించలేదు. రేడియేటర్ నీళ్లు ఎవరైనా తాగుతారా? కుక్క కూడా తాగదు. మీరెవరూ అలాంటి పని చేయకండి. నేను మాత్రం తాగాను. ఆ దుమ్ములో, జీపు కింద, ఒక దోసిలి తర్వాత ఇంకో దోసిలి తాగాను. గొంతు పట్టేయలేదు. కళ్లు మూసుకోలేదు. ఏడు నెలల తర్వాత మంచినీళ్లు నా లోపలికి హాయిగా దిగాయి. ఇక చాలు అనిపించినప్పుడు బిరడా బిగించాను. అలాగే పడుకుని ఏడ్చాను. ఏడవలేదని చెప్పను. బాలకిష్టమ్మ నా కాళ్ల దగ్గర కూర్చుని, నా పాదాల మీద చెయ్యి వేసి ఉంది.

లేచి పైనుంచి చూశాను. అంచు దాకా ఉన్న నీళ్లు కాస్త దిగాయి. ఎంత అంటే, రోజూ చూసి చూసి నా కంటికి ఆ కొలత బాగా తెలుసు. ఒక చెంబు తక్కువ.

గంటలోపు ఖాజా భాయ్ ఎవరి బైకు మీదో వచ్చాడు. నీళ్లలో వేలు పెట్టాడు, వాసన చూశాడు. ఆయిల్ కడ్డీ తీశాడు, హెడ్డు చుట్టూ తడిమాడు. ఎక్కడా మాడలేదు, పగల్లేదు. "పది కిలోమీటర్లకే ఇంజిన్ పట్టేసి సీజు గావాలె గదా" అని తనలో తనే రెండుమూడుసార్లు అనుకున్నాడు. తర్వాత ఒక లెక్క చెప్పాడు. మూత గట్టిగా బిగిసి గాలి చొరకపోతే, కింద చిన్న రంధ్రమున్నా నీళ్లు ఆగొచ్చట, బోర్లించిన సీసాలో ఆగినట్టు. బాగుంది. కానీ మూత నేను తీసేశాను కదా భాయ్, తీశాక కూడా ఎందుకు ఆగాయి? అసలు ఆ నీళ్లు ఎక్కడివి? ఆయన నా ముఖం చూసి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు. రాత్రి వాన పడి నిండిందేమోనని చేను రైతు ఒక మాటన్నాడు. మూత బిగించిన రేడియేటర్‌లోకి వాన ఎలా పోతుందో ఆయనే చెప్పాలి.

నేనూ ఎన్నో ఆలోచించాను. నేను తలుపు వేసుకున్న పావుగంటలో ఎవరైనా పోశారా? పోస్తే కింది రంధ్రంలోంచి పోవాలి. పన్నెండు మంది కలిసి అబద్ధం ఆడారా? అందులో ఇద్దరికి ఒకరంటే ఒకరికి పడదు, అబద్ధానికి కూడా కలవరు. నేనే కలగన్నానా? ఖాజా భాయ్ వేలు తడిసింది కదా.

ఆ నీళ్లతోనే సాయంత్రం ఇంటికొచ్చాం. దారిలో మామూలు నీళ్లలాగే వేడెక్కాయి. వారంలో మామూలు నీళ్లలాగే ఎర్రబడ్డాయి. టంకం గట్టిగానే నిలిచింది, మళ్లీ ఒక్క చెంబు కూడా తగ్గలేదు. సీజనంతా ఒక్క పూట తప్పకుండా ఆడవాళ్లను దింపాను. పన్నెండు మందీ ఎక్కారు.

బాలకిష్టమ్మ ఇప్పుడు మాట మార్చింది. "ఆయన తాగుడు గాదక్కా, నీకు పోసిండు" అంటుంది. నోర్ముయ్యమంటాను. లీకు లీకే, నీకు బుడగలు చూపించానా లేదా అంటాను. ఆమె నవ్వి ఊరుకుంటుంది. మొదటి నీళ్లప్పుడు లోపలికి పొమ్మని మాత్రం మళ్లీ అనలేదు. దసరాకు బండి కడిగినప్పుడు చెంబు తెచ్చి నా చేతికే ఇచ్చింది.

మా ఆడబిడ్డ ఇంకా శాంతి చేయించమంటూనే ఉంది. చేయించను. జీపు అమ్మమంటుంది. అమ్మను. మా ఆయనను ఎవరైనా దయ్యమంటే ఈరోజుకీ కొట్లాటకు దిగుతాను. దయ్యాలు లేవు, ముందే చెప్పాను.

రోజూ పొద్దున లేచి, రేడియేటర్ మూత తీసి చూసుకుని, అరుగు మీద కూర్చుని చెంబెడు నీళ్లు తాగి బండి తీస్తున్నాను. గొంతు పట్టేయడం లేదు. ఆ పొద్దు ఆ నీళ్లు ఎక్కడివంటే మాత్రం నాకు తెలియదు.